రెండు ఆసులు ఎట్లా ఓడిపోయాయి: పోకర్‌లో ఫ్లాప్ తర్వాతి ఆట

తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద ఆదివారం ఎండ తగ్గాక చాప పరుచుకుని ఆరుగురం కూర్చుంటాం. ఆడేది పోకర్, పందెం చింతగింజలు. మనిషికి 200 గింజలు, అవి అయిపోతే ఆ పూటకి ఆట అయిపోయినట్టే. డబ్బు జోలికి వెళ్ళం, వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాం. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం సంగతి అట్లా ఉంచినా, మా బంధువుల్లో ఒకతను ఫోన్‌లో ఆడి ఇల్లు కట్టుకోవడానికి దాచుకున్న డబ్బు మొత్తం పోగొట్టుకోవడం దగ్గరుండి చూశాను. కాబట్టి ఈ వ్యాసం చదివి డబ్బు పెట్టి ఆడాలనుకునేవాళ్ళు దయచేసి ఇక్కడే ఆగిపోండి. ఆటగా మాత్రం పోకర్ చాలా లోతైనది, సగం సమాచారంతో మంచి నిర్ణయం తీసుకోవడం ఎట్లాగో ఇంత బాగా నేర్పే పేకాట నాకు ఇంకోటి తెలీదు. ఆ లోతంతా ఫ్లాప్ పడ్డాకే మొదలవుతుంది.

మొన్నామధ్య పడిన ఒక ఆట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

తెలీనివాళ్ళ కోసం ఒక్క మాట. టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ ఆటలో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి పంచుతారు, ఒక విడత పందెం నడుస్తుంది, తర్వాత మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుస్తారు. అదే ఫ్లాప్. ఆ తర్వాత నాలుగో ముక్క టర్న్, ఐదోది రివర్, ప్రతిసారీ మళ్ళీ పందెం. ఏడు ముక్కల్లోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్ళది గెలుపు, లేదా మిగతావాళ్ళంతా పడేస్తే చివరికి మిగిలినవాళ్ళది.

ఆ రోజు మా బావమరిది అందరికంటే ముందు మాట్లాడాల్సిన సీట్లో ఉన్నాడు, చేతిలో ఆఠీను ఆసు, డైమండు ఆసు. ఆసుల జత వచ్చేది సగటున 221 పంపకాల్లో ఒకసారి, కాబట్టి మొహం వెలిగిపోయింది, అది మేమందరం చూశాం కూడా. 6 గింజలకి పెంచాడు. చివరి సీట్లో ఉన్న నేను రెండు ఎనిమిదులతో కాల్ చేశాను, అంటే నేనూ అంతే కట్టాను, మిగతావాళ్ళు పడేశారు. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన 1, 2 గింజలతో కలిపి మధ్యలో 15. ఫ్లాప్ ఇస్పేటు 9, ఇస్పేటు 8, ఆఠీను 7. అతను 10 పెట్టాడు, నేను 35కి పెంచాను, అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మిగిలిన గింజలన్నీ ముందుకి తోసేశాడు. నాది మూడు ఎనిమిదులు. టర్న్, రివర్ రెండూ పనికిరాని ముక్కలు, అతని 200 గింజలూ పోయాయి.

"ఏంది బావా, ఆసులు పట్టుకుని కూడా ఓడిపోతే ఇంకెప్పుడు గెలిచేది?" అన్నాడు. దురదృష్టం అనుకున్నాడు. కొంత నిజమే, ఫ్లాప్ పడకముందు ఆ రెండు చేతుల మధ్య ఆసులు గెలిచే అవకాశం 80 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఆ మూడు ముక్కలు పడ్డాక అది పది శాతం లోపుకి పడిపోయింది. కానీ ఎనిమిది అక్కడ పడటం వరకే దురదృష్టం, మిగిలిన 184 గింజలు తోసింది అతనే.

ఫ్లాప్ తర్వాత ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే, నేనూ చాలా రోజులు అదే చేశాను. మన చేతిలో ఏముంది, మంచిదా కాదా అని మాత్రమే చూసుకుంటాం. మూడు ముక్కలాట ఆడి పెరిగిన అలవాటు ఇది, అక్కడ ఎవరి ముక్కలు వాళ్ళవే కాబట్టి చేతిలో మంచి ముక్కలుంటే మంచివే. పోకర్‌లో మధ్యలో పడిన మూడు ముక్కలు అందరివీ. అవి మీ ముక్కల విలువ మార్చినట్టే ఎదుటివాడి ముక్కల విలువనీ మారుస్తాయి, చాలాసార్లు ఇంకా ఎక్కువగా మారుస్తాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు: ఇప్పటిదాకా ఇట్లా ఆడినవాడి చేతిలో ఏయే ముక్కలు ఉండొచ్చు, నా చేతిలో ఏయే ముక్కలు ఉండొచ్చని అతను అనుకుంటాడు, ఈ ఫ్లాప్ ఆ రెండింట్లో ఎవరికి ఎక్కువ కలిసొచ్చింది?

ఇట్లా ఒకరి దగ్గర ఉండొచ్చనుకునే చేతుల మొత్తాన్ని ఆటగాళ్ళు రేంజ్ అంటారు. మా బావమరిది మామిడి మండీలో లెక్కలు రాస్తాడు, అతనికి ఇది మండీ భాషలో చెప్తేనే ఎక్కింది. దామలచెరువు మండీకి తోతాపురి లోడు వస్తే కొనేవాడు ప్రతి కాయా చూడలేడు. ఎవరి తోట, ఏ మండలం నుంచి వచ్చింది, ఎన్ని రోజులైంది కోసి, పైన కనిపిస్తున్న కాయలు ఎట్లా ఉన్నాయి అని చూసి మొత్తం లోడుకి ధర కడతాడు. చేతిలో ఉన్న ఒక్క కాయకి ధర కట్టేవాడు మండీలో బతకలేడు. పోకర్‌లో ఎదుటివాడి దగ్గర ఉన్నది రెండు ముక్కలే అయినా మనకి కనిపించేది లోడే. ముందు సీట్లోంచి పెంచినవాడి లోడులో పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి లాంటివి ఎక్కువ. వెనక కూర్చుని కాల్ చేసినవాడి లోడులో మధ్య జతలు, జాకీ-10, 6-5 లాంటి పక్కపక్క ముక్కలు, ఒకే రంగు ముక్కలు ఎక్కువ, మరీ పెద్ద జతలు తక్కువ, ఎందుకంటే అవి ఉంటే మళ్ళీ పెంచి ఉండేవాడు.

ఇప్పుడు 9-8-7 వైపు చూడండి. అది ఎవరి లోడుకి పడిన ఫ్లాప్? కాల్ చేసినవాడికి. లెక్క కూడా వేద్దాం, ఇది కాగితం మీద ఒక్కసారైనా వేసుకోవాలి. మొత్తం రెండు ముక్కల చేతులు 1326 రకాలుగా రావచ్చు. ఏ జత అయినా 6 రకాలు, జత కాని చెయ్యి 16 రకాలు, అందులో ఒకే రంగువి 4. బల్ల మీద ఆ జత తాలూకు ముక్క ఒకటి కనిపిస్తే జత 3 రకాలకి తగ్గుతుంది. కాబట్టి తొమ్మిదుల జత, ఎనిమిదుల జత, ఏడుల జత కలిపి నా చేతిలో 9 రకాలుగా ఉండొచ్చు. ఒకే రంగు జాకీ-10 నాలుగు, ఒకే రంగు 6-5 నాలుగు, ఇవి అప్పటికే స్ట్రెయిట్లు, అంటే వరసగా ఐదు ముక్కలు. ఒకే రంగు 9-8 మూడు, 8-7 రెండు, ఇవి రెండు జతలు. జాగ్రత్తగా ఆడేవాడనుకుని రంగు కలవని ముక్కలన్నీ తీసేసినా 22 రకాల చేతులు ఆసుల జతని అప్పటికే ఓడిస్తున్నాయి. వాటి తర్వాత ఐదూ ఒకే రంగు కావడానికి ఇస్పేట్ల కోసం ఎదురుచూసే చేతులు, జతతోపాటు స్ట్రెయిట్ కుదిరే ఆశ ఉన్న 10-9 లాంటివి వస్తాయి.

అసలు దెబ్బ ఎక్కడుందంటే, అతను అన్నీ తోసేసినప్పుడు నేను ఏ చేతులతో కాల్ చేస్తాను? ఆ 22తో తప్పకుండా, కొన్ని గట్టి ఆశలతో ఒక్కోసారి. ఆసులకంటే తక్కువైన మామూలు జతలన్నీ పడేస్తాను. అంటే అతను ఓడించగలిగిన చేతుల్ని తన చేత్తో తానే వెళ్ళగొట్టి, తనని ఓడించే చేతుల్నే ఎదురుగా నిలబెట్టుకున్నాడు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఫ్లాప్ తర్వాతి ఆటలో సగం అర్థమైనట్టే అని నా నమ్మకం: మీరు పందెం పెట్టేముందు, దీనికి ఏ చేతులు కాల్ చేస్తాయి, ఏ చేతులు పడేస్తాయి అని అడిగి తీరాలి. కాల్ చేసేవాటిలో మీకంటే తక్కువవి చాలినన్ని లేకపోతే, పడేసేవాటిలో మీకంటే ఎక్కువవి ఏవీ లేకపోతే, ఆ పందెం ఎందుకు పెడుతున్నట్టు?

అదే ఫ్లాప్ రాజు-7-2, మూడూ వేర్వేరు రంగులు అనుకోండి. ఇప్పుడు లోడు తిరగబడింది. ముందు సీటువాడి దగ్గర ఆసులు, రాజులు, ఆసు-రాజు, రాజు-రాణి అన్నీ ఉండొచ్చు, నా దగ్గర ఆ పెద్దవి దాదాపు లేవు. స్ట్రెయిట్ ఆశలు లేవు, రంగు ఆశ లేదు, ఎండిపోయిన ఫ్లాప్. జత కాని రెండు ముక్కలకి ఫ్లాప్‌లో జతో అంతకంటే మంచిదో తగిలేది మూడోవంతు సార్లే, కాబట్టి నా దగ్గర చాలాసార్లు ఏమీ ఉండదు. ఇక్కడ అతను చేతిలో ఏమున్నా సరే 15లోకి 5 గింజలు పెట్టొచ్చు. ఉత్తుత్తిగా పెట్టినా, 15 గెలవడానికి 5 పెడుతున్నాడు కాబట్టి నాలుగింట ఒకసారి నేను పడేస్తే చాలు లెక్క సరిపోతుంది, నేను అంతకంటే ఎక్కువే పడేస్తాను. ఎండిన ఫ్లాపులో చిన్న పందెం తరచుగా, తడి ఫ్లాపులో, అంటే 9-8-7 లాగా ఆశలు చాలా ఉన్నచోట, తక్కువసార్లు కానీ పెట్టినప్పుడు పెద్దగా. సాధ్యమైన ఫ్లాపులు 22,100 ఉన్నాయి, వాటిని బట్టీ పట్టక్కర్లేదు. ఎవరి లోడుకి పడింది, తడిగా ఉందా ఎండిందా, ఈ రెండూ చూస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

మా బావమరిది ఇంకో ప్రశ్న వేశాడు, అది మంచి ప్రశ్న. "అంటే ఆ ఫ్లాప్‌లో ఆసులు పడేయాల్నా?" కాదు. గింజలెన్ని మిగిలాయో చూడాలి. మధ్యలో 15 ఉంటే వెనక 194 ఉన్నాయి, అంటే దాదాపు పదమూడు రెట్లు. అంత లోతు ఉన్నప్పుడు ఒక్క జతతో మొత్తం పెట్టడమంటే చాలా గట్టి చేతులతోనే తలపడాల్సి వస్తుంది. అదే ఫ్లాప్‌కి ముందే నేను 20కి, అతను 50కి పెంచి, నేను కాల్ చేసి ఉంటే మధ్యలో 103, వెనక 150 మాత్రమే, ఒకటిన్నర రెట్లు. అప్పుడు అదే 9-8-7 మీద అవే ఆసులతో మొత్తం తోయడంలో తప్పే లేదు, ఎందుకంటే అంత పెంచిన ఆటలో నా దగ్గర 6-5, 8-7 లాంటివి పెద్దగా ఉండవు, రాణుల జతో పదుల జతో ఉండే అవకాశం ఎక్కువ, పైగా మధ్యలో అంత పోగయ్యాక వాటిని పడేయడం నాకూ కష్టం. మిగిలిన గింజల్ని మధ్యలో ఉన్నదానితో భాగించి చూసే ఈ లెక్కని ఎస్‌పీఆర్ అంటారు. మూడు లోపుంటే మంచి జతతో వెనక్కి తగ్గక్కర్లేదు, పది దాటితే ఒక్క జతని చిన్న పందేలకి మాత్రమే వాడుకోవాలి. ఆ రోజు అతను ఫ్లాప్‌లో చెక్ చేసినా, అంటే పందెం పెట్టకుండా వదిలినా, లేదా 10 పెట్టి నేను పెంచాక కాల్ చేసి టర్న్ చూసినా, ఆ తర్వాత పడేసినా, ఓడిపోయేది నలభై గింజల చుట్టుపక్కలే.

ఇప్పుడు ఆశల లెక్క, అంటే చెయ్యి ఇంకా కుదరలేదు కానీ కుదరొచ్చు అన్నప్పుడు. మీ దగ్గర ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ, ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు 7, కళావరు 2. ఇంకా 9 ఇస్పేట్లు మిగిలాయి. అందరికీ తెలిసిన ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: పనికొచ్చే ముక్కల్ని, ఇంకా ఒక ముక్క పడాల్సి ఉంటే రెండుతో, రెండు పడాల్సి ఉంటే నాలుగుతో గుణిస్తే గెలుపు శాతం వస్తుంది. 9కి నాలుగుతో 36, అసలు విలువ 35. రెండు వైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్‌కి 8 ముక్కలు, మధ్యలో ఖాళీ ఉన్నదానికి 4. మధ్యలో 30 ఉండగా ఎదుటివాడు 30 పెట్టాడు, మీరు 30 పెడితే మొత్తం 90 అవుతుంది, మూడోవంతు, అంటే 33 శాతం గెలుపు కావాలి. నా దగ్గర 36 ఉంది కదా అని కాల్ చేసేస్తారు.

తప్పు ఇక్కడే జరుగుతుంది, మా గుంపులో నలుగురు ఈ తప్పే చేస్తారు. నాలుగుతో గుణించడం రెండు ముక్కలూ ఈ 30కే చూడగలిగితేనే, అంటే అన్నీ తోసేసి ఇంక పందేలు లేనప్పుడే. టర్న్ పడ్డాక అతను మళ్ళీ పెడతాడు, అప్పుడు మళ్ళీ కట్టాలి. ఈ 30కి మీరు కొంటున్నది ఒక్క ముక్క మాత్రమే, 47లో 9, అంటే 19 శాతం. 33 ధరకి 19 విలువైన సరుకు. మరి ఎప్పుడూ పడేయాలా అంటే, ఇస్పేటు పడ్డాక అతని దగ్గర్నుంచి ఇంకా ఎంత రాబట్టగలరో చూడాలి. ఈ లెక్కలో టర్న్‌లో ఇస్పేటు పడిన ప్రతిసారీ సగటున ఇంకో 67 గింజలైనా రావాలి, అప్పుడే సరిపోతుంది. అతను మూడో ఇస్పేటు చూడగానే చేతులు ముడుచుకునే రకమైతే రావు. ఎంత ఇస్పేటు పడినా వదలని రకమైతే వస్తాయి. అదే అతను 10 మాత్రమే పెట్టి ఉంటే కావాల్సింది 20 శాతం, మీ దగ్గర 19 ఉంది, ఆ ఒక్క శాతం ఇస్పేటు పడ్డాక రాబట్టేదాంట్లో వచ్చేస్తుంది, కళ్ళు మూసుకుని కాల్. అందుకే తడి ఫ్లాపులో మంచి చెయ్యి ఉన్నప్పుడు పందెం పెద్దగా పెట్టాలనేది, ఆశలకి ధర పెంచడానికి. ఇంకొకటి, 9 ఇస్పేట్లూ మీవే అనుకోకండి. ఎదుటివాడి దగ్గర ఇస్పేటు ఆసుతో ఇంకో ఇస్పేటు ఉంటే మీకు కావాల్సిన ముక్క పడటమే మీ కొంప ముంచుతుంది.

చివర మాట్లాడే సీటు విలువ గురించి ఎక్కువ చెప్పను, ఆడితేనే తెలుస్తుంది. ఎదుటివాడు ఏం చేశాడో చూశాక మీరు నిర్ణయించుకోవడం మూడు విడతల్లోనూ దొరికే లాభం. సందేహంగా ఉన్న చెయ్యి అయితే ముందు సీట్లో పడేయండి, చివరి సీట్లో ఆడండి.

రివర్ పడ్డాక ఆశలంటూ ఉండవు, చేతులు మూడు రకాలుగా విడిపోతాయి. తక్కువ చేతులు కూడా కాల్ చేసేంత మంచివి, అసలేమీ లేనివి, మధ్యరకం. పందెం మంచివాటితో, ఏమీ లేనివాటిలో కొన్నింటితో పెట్టాలి, మధ్యరకంతో చెక్ చేసి ముక్కలు తెరిపించాలి. చాలామంది మధ్యరకంతోనే పందెం పెడతారు, "తెలిసిపోతుంది కదా" అని. తెలుసుకోవడానికి పెట్టే పందెం చాలా ఖరీదైన పందెం, ఎందుకంటే తక్కువవాడు పడేస్తాడు, ఎక్కువవాడు కట్టేస్తాడు. ఇక ఉత్తుత్తి పందెం, అదే బ్లఫ్. మధ్యలో 60 ఉండగా 60 పెట్టి బ్లఫ్ చేస్తే సగం సార్లు ఎదుటివాడు పడేయాలి, 30 పెడితే మూడింట ఒకసారి చాలు. ఎదుటివాడి వైపు నుంచి చూస్తే, 60కి 60 పెట్టే చోట రెండు నిజాలకి ఒక అబద్ధం ఉంటే అతను కాల్ చేసినా పడేసినా ఒకటే, అతనికి తేలనే తేలదు. ఆ ఒక్క అబద్ధానికి ఏ చెయ్యి ఎంచుకోవాలనేది కూడా లెక్కే. బల్ల మీద మూడు ఇస్పేట్లు ఉండి మీ దగ్గర ఇస్పేటు ఆసు ఒక్కటే ఉందనుకోండి, అతని దగ్గర అన్నిటికంటే పెద్ద ఇస్పేట్ల చెయ్యి ఉండే వీల్లేదని మీకు ఒక్కరికే తెలుసు. అది మంచి బ్లఫ్ చెయ్యి.

ఇవి ఎవరో కూర్చుని ఊహించిన సంగతులు కావు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్ళతో ఒక్కొక్కరితో విడివిడిగా మొత్తం 1,20,000 చేతులు ఆడి గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి బల్ల మీద గెలిచింది. ముందు పెంచినవాడికి ఎప్పుడూ చెక్ చేసి వదిలేయాలని మనుషులు గట్టిగా నమ్మేవాళ్ళు, ప్లూరిబస్ ఆ నమ్మకాన్ని లెక్కచేయకుండా కాల్ చేసిన వైపు నుంచే ముందుగా పందెం పెట్టడం మొదలుపెట్టింది, వృత్తి ఆటగాళ్ళకంటే ఎక్కువసార్లు. 9-8-7 లాంటివి పెంచినవాడి సొత్తు కావు అని అర్థం చేసుకుంటే అది వింతగా అనిపించదు.

కానీ కంప్యూటర్ ఆడినట్టు మా మిద్దె మీద ఆడితే మాత్రం ఓడిపోతారు. మా దగ్గర ఎవరూ పడేయరు. "చూద్దాంలే, గింజలేగా" అని చిన్నపాటి జతతో కూడా రివర్ దాకా వస్తారు. వాళ్ళ మీద రెండుకి ఒకటి బ్లఫ్ లెక్క పెట్టుకుంటే గింజలు నేలపాలే. పడేయని మనుషుల మీద బ్లఫ్ దాదాపు మానేయండి, మంచి చెయ్యి ఉన్నప్పుడు మీరనుకున్నదానికంటే పెద్ద పందెం పెట్టండి, మామూలుగా చెక్ చేసే ఒక మోస్తరు చేతులతో కూడా రివర్‌లో పెట్టండి, ఎందుకంటే ఇక్కడ తక్కువ చేతులు కాల్ చేస్తాయి. అదే ఎప్పుడూ నోరెత్తకుండా కూర్చునే మనిషి హఠాత్తుగా పెంచితే నమ్మి పడేయండి. ఇదంతా మళ్ళీ ఆ ప్రశ్నే, ఏ చేతులు కాల్ చేస్తాయి అని, కాకపోతే జవాబు మనిషిని బట్టి మారుతుంది.

నేర్చుకోవడానికి మేం చేసేది చాలా మామూలు పని. ఆట అయ్యాక ఒక చెయ్యి తీసుకుని ముక్కలన్నీ తెరిచి పెట్టి, ఫ్లాప్‌లో ఎదుటివాడికి ఉండొచ్చనుకున్న చేతులు ఒక నోట్ పుస్తకంలో రాస్తాం, టర్న్‌లో అతను చేసినదాన్ని బట్టి కొన్ని కొట్టేస్తాం, రివర్‌లో ఇంకొన్ని. గెలిచామా ఓడామా అన్నది ఆ పుస్తకంలో రాయం. మొదట్లో ఒక్క చేతికి అరగంట పట్టేది, ఇప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోతోంది, ఆ వేగం నెమ్మదిగా ఆటలోకి కూడా వస్తోంది.

పోయిన ఆదివారం మా బావమరిదికి రాణుల జత వచ్చింది, ఎదురుగా మా గుంపులో అందరికంటే నిదానంగా ఆడే అన్న. ఫ్లాప్ డైమండు 10, డైమండు 9, కళావరు 8. బావమరిది చెక్ చేశాడు. ఆయన 8 పెడితే కాల్ చేశాడు. టర్న్ డైమండు 7, ఆయన 30 పెట్టాడు. బావమరిది గింజలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, పెదవులు కదులుతున్నాయి, లోడులో ఏమున్నాయో లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. రెండు రాణుల్నీ బోర్లా పెట్టి పక్కకి తోశాడు. "ఏముండె అన్నా?" అని అడిగాడు. ఆయన చూపించలేదు. ఇతను పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.